ముప్పై ఒకటో నేరేడు

ఏలూరులో ముప్పై అయిదేళ్ల పాటు నా స్టూడియోకి ఉన్న పేరు ఒక్కటే: మజీద్ గారి దగ్గర ఫోటో దిగితే మొహం మీద మచ్చ ఉండదు. స్ఫోటకం గుంటలు, మొటిమలు, చిన్నప్పుడు కిందపడి చిట్లిన కనుబొమ్మ, ఏదైనా సరే, సన్న కుంచె పట్టి మాయం చేసేవాడిని. మా వృత్తిలో దాన్ని టచింగ్ అంటాం. పెళ్లిచూపుల ఫోటో కోసం కైకలూరు నుంచి, భీమడోలు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయేవాడిని. అంత గర్వం ఉన్నవాడు ఎక్కడో ఒకచోట బోర్లా పడకుండా ఉండడు. నేను పడింది నల్లజర్ల దగ్గర ఒక నేరేళ్ల తోపులో.

అది 2003 వేసవి. పక్క వీధిలో కుర్రాళ్లు కంప్యూటర్లు పెట్టుకుని పావుగంటలో ఫోటో చేతికిస్తున్నారు. నా డార్క్ రూమ్‌లో పని పలచబడింది. మనసు చిరాగ్గా ఉన్న అలాంటి ఒక రోజున తాడేపల్లిగూడెం నుంచి చలపతిరావు గారు ఫోన్ చేశారు. ఆయన పెళ్లి ఫోటోలు తీసింది నేనే.

“మజీద్ గారూ, నల్లజర్ల దగ్గర మా తోపు కొట్టించేసి ఆయిల్ పామ్ వేద్దామనుకుంటున్నామండీ. శనివారం కూలీలు దిగుతున్నారు. మా అమ్మేమో అక్కడున్న నేరేడు చెట్ల ఫోటోలు చూస్తేగానీ ఒప్పుకోనంటోంది. ఒక్కటి కూడా వదలకూడదంట. ఎందుకమ్మా అంటే చెప్పదండీ. మీరొకసారి వచ్చి మాట్లాడతారా?”

చెట్లకి ఫోటోలేమిటని నవ్వొచ్చింది. ఖాళీగా కూర్చున్నవాడికి నవ్వే హక్కు లేదు కాబట్టి, మర్నాడు పొద్దున్నే గూడెం వెళ్లాను.

చలపతిరావు గారి తల్లి వెంకటనరసమ్మ గారు మంచం మీద ఉన్నారు. శివరాత్రి నాడు జారిపడి తుంటి ఎముక విరిగిందట. మనిషి సన్నం, మాట మాత్రం నిదానం. పిల్లల చదువుల కోసం పల్లె వదిలి గూడెం వచ్చి పద్దెనిమిదేళ్లయిందని, మళ్లీ ఆ తోపులో అడుగు పెట్టలేదని చెప్పారు. కొడుకుని బయటికి పంపి, నాతో విడిగా మాట్లాడారు.

“కొమ్మలూ ఆకులూ నాకొద్దండీ. మొదలు కావాలి. మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, బెరడు బాగా కనపడాలి. వాగు వైపు నిలబడి తీయండి. అటు పక్కే చాలు.”

“అలాగేనమ్మా. ఏదైనా చెట్టు ప్రత్యేకంగా తీయాలా అండీ?”

“లేదు బాబూ. అన్నీ తీయండి. చూస్తే నాకు తెలుస్తుంది.”

ఏం తెలుస్తుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పెద్దవాళ్లకి ఉండే పట్టింపు అనుకున్నాను. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

చలపతిరావు గారు నన్ను మోటార్ సైకిల్ మీద తోపులో దింపి, మొక్కల కోసం పెదవేగి వెళ్లిపోయారు. తొమ్మిది ఎకరాల తోపు. ఆయన ముత్తాత వాగు గట్టున వేయించిన నేరేళ్లు, వాటి మధ్య తమంతట తాము లేచిన మద్ది, తుమికి, ఇప్ప. తుఫానుకి పడినవి పడిపోగా మిగిలినవి నిలబడి ఉన్నాయి. దారి కూడా సరిగ్గా లేదు. నేరేడు చెట్లు లెక్కపెడితే నలభై ఆరు తేలాయి. సుద్దముక్కతో ఒక్కో చెట్టుకి నంబరు వేసి, కెమెరా స్టాండు మీద పెట్టాను. రోల్‌కి పన్నెండు బొమ్మలు వచ్చే నా పాత కెమెరా అది. నాలుగు రోళ్లు సరిపోతాయి.

మొదటి పది చెట్లూ తిట్టుకుంటూ తీశాను. కొల్లేటికి పక్షుల ఫోటోల కోసం ఊళ్లు దాటి వచ్చేవాళ్లని చూసి ఎగతాళి చేసినవాడిని, ఇప్పుడు చెట్టు తోలు ముందు వంగి కూర్చున్నాను. చీమలు పాంటులోకి పాకుతున్నాయి. పన్నెండో చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది. వెలుతురు పక్క నుంచి పడింది. అంతదాకా బూడిదరంగు గోడలా ఉన్న బెరడు ఒక్కసారి పైకి లేచింది. పలకలు పలకలుగా చిట్లిన చోట్లు, జిగురు కారి గట్టిపడిన చార, పిట్ట పొడిచిన బొక్క, పాచి పట్టిన అంచు, అన్నీ దేనికది కనిపించాయి.

కెమెరాలోంచి తల ఎత్తలేకపోయాను. ముప్పై అయిదేళ్లు నేను చేసిన పనేమిటి? లైటు ఎదురుగా పెట్టి, మొహం మీద గుంట కనపడకుండా నింపేయడం. ఇక్కడ ఎండ సరిగ్గా దానికి ఎదురు పని చేస్తోంది. ఏ రెండు చెట్లకీ బెరడు ఒకేలా లేదు. లేత చెట్టు చర్మం నున్నగా ఉంది. ముసలి చెట్టుది చేత్తో తడిమితే అరచెయ్యి గీరుకుంటోంది. మర్నాడు పొద్దున్న ఏటవాలు వెలుతురు కోసం మళ్లీ వచ్చాను. ఎవరూ రమ్మనలేదు. మొదట తిట్టుకుంటూ తీసిన పదీ మళ్లీ తీశాను. ఆ రెండు రోజులూ నాకు నిజంగా సంతోషంగా గడిచాయి. తర్వాత జరిగినదాని వల్ల ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కలర్ అయితే ల్యాబ్‌కి పంపాలి, వారం పడుతుంది. అందుకని నలుపు తెలుపు ఫిల్మే వాడాను, నేనే కడిగాను. నా భార్య మెహరున్నీసా ప్రింట్లు ఆరబెట్టింది. తడి ప్రింట్లు తాడు మీద వరసగా వేలాడుతుంటే, “బాగున్నాయండీ, నిజంగా” అంది. ఆమె నా పనిని మెచ్చుకోవడం అరుదు.

ఆరిన ప్రింట్లన్నీ బల్ల మీద పరిచి, కుంచె తీశాను. ఎప్పుడూ చేసే పనే. ప్రింటు బయటికి వెళ్లేముందు దుమ్ము చుక్కలు, వెంట్రుక గీతలు పూడ్చాలి. అది నా చెయ్యి తనంతట తాను చేసుకుపోయే పని. ముప్పై ఒకటో నంబరు మీద, బెరడు చీలిక పక్కన పెసరగింజంత తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. ఫిల్మ్ మీద నీటిబొట్టు ఆరితే సరిగ్గా అలాంటి మచ్చే పడుతుంది. పైనున్న గీతనీ కిందున్న గీతనీ కలిపి, నీడ సరిపోల్చి, అతుకు తెలియకుండా పూడ్చేశాను.

“చెట్టుకి కూడా టచింగేనా? దానికేం పెళ్లిచూపులున్నాయని?” అని మెహరున్నీసా నవ్వింది.

“పనంటే పనే” అన్నాను గొప్పగా.

శనివారం మధ్యాహ్నానికి నలభై ఆరు ఫోటోలూ గూడెం పట్టుకెళ్లాను. చలపతిరావు గారు అప్పటికే కూలీలతో తోపులో ఉన్నారు. అమ్మ సరే అంటే మొదలుపెడదామని సెల్ ఫోన్ పట్టుకుని, సిగ్నల్ అందే రోడ్డు మీద నిలబడ్డారట.

వెంకటనరసమ్మ గారు దిండు ఆనుకుని కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క ఫోటో చూశారు. చూపుడు వేలుతో బెరడు మీద పైనుంచి కిందికి మెల్లగా రాసుకుంటూ వచ్చారు. ముప్పై ఒకటో ఫోటో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. వేలు సరిగ్గా ఆ చీలిక మీదే ఆగింది. ఫోటోని కిటికీ వైపు వంచి చూశారు. తర్వాత పక్కన పెట్టేశారు. అన్నీ అయ్యాక మళ్లీ మొదటినుంచీ చూశారు.

“ఒక్కటి కూడా వదల్లేదు కదండీ?”

“లేదమ్మా. నలభై ఆరూ ఉన్నాయి.”

ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మంచం పక్కనున్న ఫోన్ అందుకుని కొడుక్కి చేశారు. “కొట్టించుకో నాయనా. నాకేం అభ్యంతరం లేదు” అని పెట్టేశారు. తర్వాత చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. చప్పుడు రాలేదు.

“మీరు బయటివారు కాబట్టి చెప్తున్నానండీ. మావాడికి తెలీదు” అన్నారు కళ్లు తుడుచుకుని. “చలపతి కన్నా ముందు నాకొక పిల్లాడు. పందొమ్మిదో రోజున పోయాడు. ఇరవై ఒకటో రోజున బారసాల చేద్దామనుకున్నాం. పేరు పెట్టలేదు, ఫోటో లేదు. పురిటి మంచం మీదున్న నన్ను కదలనివ్వలేదు. మా పాలేరు ఎత్తుకెళ్లి ఆ తోపులో ఒక నేరేడు మొదట్లో పాతిపెట్టాడు. నెల తర్వాత నన్ను తీసుకెళ్లి చూపించాడండీ.”

నా ముందున్న ఫోటోల దొంతర మీద ఫ్యాను గాలి ఆడుతోంది.

“బారసాల నాడు మొలతాడుకి కడదామని ఒక చిల్లుకాణీ దాచాను. వాడి ఒంటి మీదికి ఎక్కలేదు. దాన్నే పట్టుకెళ్లి, ఆ చిల్లులో మేకు పెట్టి, వాగు వైపు ఆ చెట్టుకి కొట్టానండీ. గుర్తు ఉండాలని. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వెళ్లి తడిమి వచ్చేదాన్ని. ఆఖరిసారి చూసినప్పుడు సగానికి పైగా బెరడు మింగేసింది. అంచు మాత్రం మెరుస్తూ కనపడేది. చలపతికి చెప్తే శాంతులంటాడు, కోడలు భయపడుతుంది, నలుగురి నోళ్లలో పడుతుంది. చెట్టు తెలిస్తే, నీడకి ఈ ఒక్కటి ఉంచరా అని చెబుదామనుకున్నాను. తుఫానుకే పడిపోయిందేమో లెండి. ఎన్నాళ్లని ఉంటుంది?”

ముప్పై ఒకటో ఫోటో మీది మచ్చ గుర్తొచ్చింది. పెసరగింజంత, గుండ్రంగా, తెల్లగా. నా కుంచె, నా నీడ, నా అతుకు తెలియని పనితనం. ఫోన్ అక్కడే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. “అమ్మా, ఆగమనండి, చెట్టు ఉంది, చెరిపింది నేనే” అంటే చాలు.

ముందు ఫిల్మ్ చూసి నిర్ధారణ చేసుకుందాం, ఊరికే ఆశ పెట్టడం ఎందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకప్పుడే తెలుసు. మచ్చ లేకుండా ఫోటో తీస్తాడని పేరు తెచ్చుకున్నవాడు, ఒక తల్లి ముందు కూర్చుని, మీ బిడ్డ గుర్తుని మచ్చ అనుకుని చెరిపేశానని చెప్పుకోలేకపోయాడు. అంతే సంగతి. ఆవిడ ఇప్పించిన మజ్జిగ తాగి, ఏలూరు బస్సెక్కాను.

దీపాలు పెట్టే వేళకి స్టూడియో చేరి, ఫిల్మ్‌ని ట్యూబులైటు ముందు పట్టుకుని భూతద్దంతో చూశాను. దుమ్ము కాదు, నీటిబొట్టు కాదు. నెలవంకలా నాణెం అంచు, దాని పక్కన మేకు తల కూడా తెలుస్తున్నాయి. చలపతిరావు గారి సెల్‌కి చేస్తే పలకలేదు. గూడెం ఇంటి నంబరు నొక్కి, ఆవిడే ఎత్తితే ఏం చెప్పాలో తెలియక, మోగకముందే పెట్టేశాను. రెండోసారి కూడా అలాగే చేశాను.

మెహరున్నీసా నా చేతిలో ఫిల్మ్ తీసుకుని తనూ చూసింది. ఏమీ తిట్టలేదు. “పొద్దున్న మొదటి బస్సుకి వెళ్లండి” అంది. ఆమె తిట్టి ఉంటే కొంచెం బాగుండేది.

ఆదివారం నేను చేరేసరికి తోపులో ఆకాశం కనిపిస్తోంది. పద్నాలుగు చెట్లు నేల మీద ఉన్నాయి. పచ్చి నేరేడు చెక్క వాసన ముక్కుకి గట్టిగా తగిలింది. చలపతిరావు గారు ఇంకా రాలేదు. కూలీల మేస్త్రీ సత్తిబాబు రంపానికి పదును పెడుతున్నాడు.

“ముప్పై ఒకటో నంబరు చెట్టు ఏదండీ? సుద్దతో రాసుంటుంది.”

“అదాండీ? నిన్న సాయంత్రం మొట్టమొదట కొట్టింది అదేనండీ. లారీ దారికి అడ్డంగా ఉందని.”

మొట్టమొదట. ఆ గదిలో నేను నోరు విప్పి ఉంటే, గొడ్డలి తగలకముందే కబురు అందేది. అతను చూపించిన దుంగ పక్కన కూర్చున్నాను. తర్వాత వంగి వెతికాను. వాగు వైపున్న పక్క పైకే ఉంది. చీలిక పక్కన వేలికి చల్లగా తగిలింది. బెరడు రెండు పెదవుల మధ్య పట్టుకున్నట్టు ఉంది ఆ కాణీ.

సత్తిబాబు నా వెనక నుంచి తొంగి చూశాడు. చూసినవాడు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

“మా వైపు కూడా కొడతారండీ. పేరు పెట్టని పిల్లలకి. ఎవరి బిడ్డండీ?”

“అది నేను చెప్పకూడదండీ” అన్నాను. ఆ కాణీ ఉన్నచోట జానెడు వెడల్పున చెక్క కోసి ఇమ్మంటే, బెరడు ఊడిపోకుండా రంపం మెల్లగా ఆడించి కోసి ఇచ్చాడు. మోడు వైపు చూపించి, “దీని వేళ్లు పెకలించం లెండి. ఇటు మిషను రానివ్వను” అన్నాడు.

ఆ చెక్కని తువ్వాల్లో చుట్టుకుని గూడెం వెళ్లాను. కోడలు గుడికి వెళ్లిందట. వెంకటనరసమ్మ గారు ఒక్కరే ఉన్నారు. చెక్క ఒళ్లో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కుంచె గురించి, నీటిబొట్టు అనుకోవడం గురించి, అన్నీ చెప్పాను. ఆవిడ వింటూనే కాణీ అంచుని బొటనవేలితో రాస్తున్నారు.

“నిన్న మీరిక్కడ కూర్చున్నప్పుడే మీకు తెలుసా అండీ?”

తెలీదనడం ఎంత తేలికో నాకు తెలుసు.

“తెలుసమ్మా.”

“అప్పుడే చెప్పుంటే చెట్టు ఉండేదేమో.”

“ఉండేదమ్మా.”

ఆవిడ నన్ను తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. తల తిప్పి గోడ వైపు చూశారు. ఆ గోడ మీద ఆవిడ భర్తది, అత్తమామలది దండలు వేసిన ఫోటోలు ఉన్నాయి. మామగారి ఫోటో మీద ఎవరో చేసిన టచింగ్ నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. బుగ్గలు రెండూ పిండితో అలికినట్టున్నాయి.

“ఈ చెక్క తీసుకెళ్లి ఆ మొదట్లోనే పాతిపెట్టండి. ఇది వాడిది. నేను దాచుకోకూడదు” అన్నారు చివరికి. “మీ దగ్గర ఫోటో ఉంది కదండీ. చెరపనిది.”

“ఉందమ్మా.”

“పెద్దది చేసి తీసుకురండి. దాని మీద చెయ్యి పెట్టకండి.”

ఆ మధ్యాహ్నమే వెనక్కి వెళ్లి, సత్తిబాబు గొయ్యి తీస్తే, నా చేతులతో ఆ చెక్కని మోడు పక్కన పెట్టి మట్టి కప్పాను. నాకు తెలిసిన దువా మనసులో చదువుకున్నాను. సత్తిబాబు తన పద్ధతిలో దణ్ణం పెట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఫ్రేము కట్టించి ఫోటో పట్టుకెళ్లాను. పెద్ద ఫోటో. పలకలుగా చిట్లిన బెరడు, జిగురు చార, చీలిక, చీలికలో కాణీ. చలపతిరావు గారు ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ మంచం మీద నుంచే గోడ మీద తన భర్త ఫోటో పక్కన చోటు చూపించి, అక్కడ మేకు కొట్టమన్నారు.

ఆయన స్టూలు ఎక్కి మేకు కొట్టి, ఫ్రేము తగిలించి, వెనక్కి జరిగి చూశారు. ముఖంలో నవ్వు లాంటిది వచ్చింది.

“నాన్నగారి పక్కన చెట్టు బెరడేంటమ్మా? ఎవరైనా చూస్తే నవ్వుతారు.”

“మీ అన్నయ్యరా” అన్నారు వెంకటనరసమ్మ గారు.

ఆయన స్టూలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తల్లి వైపు చూశారు, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆవిడ మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు, పందొమ్మిది రోజుల దగ్గర నుంచి. మధ్యలో ఆయన వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. అంతా విన్నాక లేచి, ఫోటో దగ్గరికి వెళ్లి, అద్దం మీద ఆ కాణీ ఉన్నచోట వేలు పెట్టారు. తర్వాత ఆ వేలు ఫ్రేము కింది మూలకి జరిగింది. అక్కడ ఇంకొక తెల్ల చుక్క ఉంది.

“ఇదేంటండీ?” అని నన్ను అడిగారు.

“అది దుమ్మేనండీ. దాన్ని కూడా ముట్టుకోలేదు” అన్నాను.